స్టాంపులు, పాత పోస్టుకార్డులతో మారిషస్ చరిత్ర తెలుసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఒక ద్వీపదేశం గురించి స్టాంపులు, పిక్చర్ పోస్టుకార్డులతో ప్రాజెక్టు చేయాలి. తను మారిషస్ ఎంచుకుంది. ఖరీదైన స్టాంపులు కొనే ఉద్దేశం మీకు లేదు. అలా కొనకుండా ఆ దేశపు ప్రదేశాలూ చరిత్రా నిజంగా తెలుస్తాయా, మొదట ఏం కొనాలి అని అడిగారు.

తెలుస్తాయండీ, చాలా బాగా తెలుస్తాయి. మారిషస్ విషయంలో ఖరీదైన స్టాంపుల కంటే మామూలు స్టాంపులే ఎక్కువ సంగతులు చెబుతాయి. కాకపోతే ఒక షరతు ఉంది. స్టాంపునీ కార్డునీ విడివిడిగా ఆల్బమ్‌లో పెట్టకండి, జంటగా పెట్టండి. స్టాంపు మీద బొమ్మను ప్రభుత్వం ఎంపిక చేస్తుంది. కార్డు మీద బొమ్మను అమ్ముకునే వ్యాపారి ఎంపిక చేస్తాడు. ఒకే చోటును వీళ్ళిద్దరూ ఎలా చూపించారు, ఎవరిని వదిలేశారు అన్నది పక్కపక్కన పెడితేనే కనిపిస్తుంది. నేను ఏళ్ళ తరబడి హిందూ మహాసముద్రపు దీవుల స్టాంపులూ కార్డులూ సేకరిస్తున్నాను. పిల్లల ప్రాజెక్టులకు సాయం చేసేటప్పుడు ఈ పద్ధతే పాటిస్తాను.

ముందు ఆ ప్రసిద్ధమైన స్టాంపుల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మారిషస్ అనగానే అందరూ అక్కడికే వెళ్తారు. 1847 సెప్టెంబరులో విక్టోరియా రాణి తలతో ఒక పెన్నీ నారింజ ఎరుపు స్టాంపు, రెండు పెన్నీల నీలం స్టాంపు వేశారు. ఒక్కోటి 500 చొప్పున. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉండే జోసెఫ్ బర్నార్డ్ అనే చెక్కుడు పనివాడు రాగి పలక మీద వీటిని చెక్కాడు. రాణి మెడ కింది అంచున తన పేరులోని రెండు పొడి అక్షరాలు కూడా చెక్కుకున్నాడు. మంచి ఫోటోను పెద్దది చేసి చూస్తే అవి కనిపిస్తాయి, మీ అమ్మాయికి తప్పకుండా చూపించండి. గవర్నరు భార్య లేడీ గోమ్ ఇచ్చిన విందుకు పంపిన ఆహ్వాన పత్రాల కవర్ల మీద ఈ స్టాంపులు కొన్ని అంటించారు. ఇప్పుడు రెండు రకాలూ కలిపి ప్రపంచం మొత్తంలో తెలిసినవి సుమారు 27. ఆ స్టాంపుల్లో రెండు 1850లో బొంబాయికి వచ్చిన ఒక కవరు మీద ఉన్నాయి. ఆ కవరు 19వ శతాబ్దం చివర మన దేశంలోనే ఒక బజారులో దొరికింది.

వీటి మీద ఎడమ పక్కన "పోస్ట్ ఆఫీస్" అని ఉంటుంది. మరుసటి ఏడాది వేసిన వాటిమీద అదే చోట "పోస్ట్ పెయిడ్" అని ఉంటుంది. అందుకని బర్నార్డ్ ముసలివాడనీ, కళ్ళు సరిగా కనపడక పొరపాటున "పోస్ట్ ఆఫీస్" అని చెక్కాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథను ప్రాజెక్టులో రాయనివ్వకండి. అప్పటికి ఆయన వయసు ముప్పై దాటి ఎంతో కాలేదు. అప్పటి పోస్టు ముద్రల మీద కూడా "పోస్ట్ ఆఫీస్" అనే ఉండేది. ఆయన చెప్పిన పనే చేశాడని పరిశోధకులు ఇప్పుడు అంటున్నారు. 1993లో మారిషస్ కమర్షియల్ బ్యాంకు ముందుండి, మరికొన్ని సంస్థలతో కలిసి రెండు రకాల్లో ఒక్కోటి కొని దేశానికి తిరిగి తెచ్చింది. 2001లో పోర్ట్ లూయిస్ రేవు పక్కన తెరిచిన బ్లూ పెన్నీ మ్యూజియంలో అవి ఉన్నాయి. వెలుతురుకు రంగు పోతుందని గంటకు కొద్ది నిమిషాలే అసలు వాటి మీద దీపం వేస్తారు. మిగతా సమయంలో నకళ్ళే చూడాలి. మీకు ఒక మంచి రంగుల ప్రింటు చాలు. దాని కింద "ఇది నకలు" అని రాయమనండి.

ఇక మీరు నిజంగా కొనాల్సిన స్టాంపులు. నా మొదటి ఎంపిక 1950లో ఆరో జార్జి కాలంలో వచ్చిన బొమ్మల వరుస. 1953 నుంచి రెండో ఎలిజబెత్ తలతో దాదాపు అవే బొమ్మలు మళ్ళీ వచ్చాయి. చిన్న విలువల స్టాంపులు వాడినవైతే చవకగా దొరుకుతాయి. ఇవి చేతిలో ఉంటే ద్వీపమంతా ఒక చుట్టు తిరిగినట్టే ఉంటుంది. చక్కెర మిల్లు, గ్రాండ్ పోర్ట్, టామరిండ్ జలపాతం, చెరకు రవాణా, డోడో పక్షితో ద్వీపం పటం, లాబోర్దొన్నే విగ్రహం, గవర్నరు నివాసమైన రెడ్యూయీ భవనం, పీటర్ బోత్ కొండ, పోర్ట్ లూయిస్, సముద్రతీరం. ఒక్కో స్టాంపు పట్టుకుని లాగితే చరిత్ర బయటికి వస్తుంది.

పీటర్ బోత్ కొండ తీసుకోండి. శిఖరం మీద మనిషి తలలాంటి పెద్ద బండరాయి ఒకటి పడిపోతుందేమో అన్నట్టు నిలబడి ఉంటుంది. 1598లో డచ్చివాళ్ళు ఈ ద్వీపంలో దిగి తమ యువరాజు మారిస్ పేరు పెట్టారు. తూర్పు ఇండీస్‌కు (ఇప్పటి ఇండోనేసియా) తొలి డచ్చి గవర్నర్ జనరల్ అయిన పీటర్ బోత్ 1615లో స్వదేశానికి వెళ్తూ ఈ తీరం దగ్గరే ఓడ మునిగి చనిపోయాడు. ఆయన పేరే కొండకు ఉంది. డచ్చివాళ్ళు 1710లో ద్వీపం వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళ కాలంలోనే డోడో అంతరించింది. ఇప్పుడు ఆ దేశపు రాజచిహ్నంలో ఉన్నది అదే డోడో. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు వేసిన స్టాంపుల్లో ఒకదాని మీద గుడ్డు పగలగొట్టుకుని బయటికి వస్తున్న డోడో ఉంటుంది. పిల్లలకు బాగా నచ్చే స్టాంపు అది, వెతికి సంపాదించండి.

గ్రాండ్ పోర్ట్ స్టాంపు వెనక ఇంకో కథ ఉంది. 1715 నుంచి ద్వీపం ఫ్రెంచివాళ్ళది. 1810 ఆగస్టులో గ్రాండ్ పోర్ట్ దగ్గర సముద్ర యుద్ధంలో ఫ్రెంచివాళ్ళే గెలిచారు. పారిస్‌లోని విజయతోరణం మీద చెక్కిన ఒకే ఒక్క నావికా విజయం అది. కానీ అదే ఏడాది డిసెంబరుకల్లా బ్రిటిష్‌వాళ్ళు పెద్ద బలగంతో వచ్చి ద్వీపాన్ని తీసుకున్నారు. లొంగుబాటు షరతుల ప్రకారం అక్కడివాళ్ళ చట్టాలు, మతం, ఆచారాలు అలాగే ఉండనిచ్చారు. ఇది తెలియకపోతే కార్డులు చూసి మీ అమ్మాయి తికమకపడుతుంది. స్టాంపు మీద ఇంగ్లీషులో "మారిషస్" అని ఉంటుంది. 1900 ప్రాంతపు కార్డు మీద ఫ్రెంచిలో "ఈల్ మొరీస్" అని ఉంటుంది. కార్డు కొనేవాళ్ళలో చాలామంది ఫ్రెంచి మాట్లాడే తోటల యజమానుల కుటుంబాలు, వాళ్ళ బంధువులు. పాలన బ్రిటిష్‌వాళ్ళదే అయినా ఇంట్లో, బజార్లో నడిచేది వేరే భాష. ఒక స్టాంపూ ఒక కార్డూ పక్కపక్కన పెడితే వందేళ్ళ వలసపాలన చరిత్ర కనిపిస్తుంది.

స్టాంపుల విలువలు కూడా చూడండి. మొదట పెన్నీలు, షిల్లింగులు. 1878 నుంచి సెంట్లు, రూపాయలు. బ్రిటిష్ రాజ్యంలో ఉన్న ద్వీపం స్టాంపు మీదికి రూపాయి ఎలా వచ్చింది? మన దేశం నుంచి మనుషులు వెళ్ళారు, బియ్యం వెళ్ళింది, వాటి వెంట మన రూపాయీ వెళ్ళింది. ఈ ఒక్క మార్పు చూపించడానికి రెండు విక్టోరియా స్టాంపులు చాలు, పెన్నీలది ఒకటి, సెంట్లది ఒకటి.

ఇప్పుడు నా దగ్గరున్న ఒక జంట గురించి కాస్త వివరంగా చెబుతాను, పద్ధతి అర్థమవుతుంది. ఎడమవైపు 1950 వరుసలోని లాబోర్దొన్నే విగ్రహం స్టాంపు. కుడివైపు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చిన "ప్లాస్ దార్మ్" (పోర్ట్ లూయిస్ నడిబొడ్డున ఉన్న కూడలి) కార్డు. విగ్రహం అదే. లాబోర్దొన్నే 1735 నుంచి ఇక్కడ ఫ్రెంచి గవర్నరు, పోర్ట్ లూయిస్‌ను రేవు పట్టణంగా కట్టించినవాడు. స్టాంపు మీద ఆయన ఒక్కడే కనిపిస్తాడు. కార్డులో ఆయన వెనక రెండు వరుసల తాటిజాతి చెట్లు, దూరంగా ప్రభుత్వ భవనం, ముందు గుర్రపు బళ్ళు. కార్డు ఎడమ చివర, బొమ్మ కాస్త మసకబారిన చోట, తలపాగా చుట్టుకున్న ఇద్దరు మనుషులు మూటలతో నిలబడి ఉన్నారు. ఫోటో తీసినాయన వాళ్ళకోసం తీయలేదు, కార్డు కింద శీర్షికలో వాళ్ళ ప్రస్తావన లేదు. కానీ ఆ ఊళ్ళో ఆ రోజు వాళ్ళున్నారు. భూతద్దం పెట్టి ఇలాంటి అంచులు వెతకడం నేర్పించండి. కార్డులో అసలు సంగతి చాలాసార్లు అంచుల్లోనే ఉంటుంది.

ఆ విగ్రహం నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. 1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడలో తొలి విడత ఒప్పంద కూలీలు, 36 మంది, దిగారు. అప్పటికి బానిసత్వం రద్దు కాబోతోంది, చెరకు తోటలకు మనుషులు కావాలి. అలా మొదలై 1920ల వరకు దాదాపు అయిదు లక్షలమంది భారతదేశం నుంచి వెళ్ళారు. ఓడ దిగినవాళ్ళు ఆ రాతిమెట్లు ఎక్కి డిపోలోకి వెళ్ళి నమోదు చేయించుకోవాలి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 2008లో లె మోర్న్ కొండకు ఆ గుర్తింపు వచ్చింది. తోటల నుంచి పారిపోయిన ఆఫ్రికన్, మలగసీ (మడగాస్కర్) బానిసలు దాక్కున్న కొండ అది. ఈ రెండు చోట్లనూ కలిపి చెప్పకపోతే మారిషస్ కథ సగమే చెప్పినట్టు.

1950 వరుసలో చెరకు రవాణా ఉంది, చక్కెర మిల్లు ఉంది. ఆ చెరకు నరికినవాళ్ళ చరిత్ర మాత్రం లేదు. అది స్టాంపుల మీదికి రావడానికి స్వాతంత్ర్యం రావాల్సి వచ్చింది. 1969లో గాంధీజీ శతజయంతికి ఆరు స్టాంపులు వేశారు. వాటిలో ఒకదానిమీద 1901లో మారిషస్‌లో ఉన్న గాంధీ కనిపిస్తారు. దక్షిణాఫ్రికా నుంచి ఇండియా వస్తూ ఓడ ఆగినప్పుడు ఆయన అక్కడ సుమారు మూడు వారాలు ఉన్నారు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని కూలీల కుటుంబాలకు చెప్పారు. దండియాత్ర మొదలైన మార్చి 12నే మారిషస్ తన స్వాతంత్ర్య దినంగా ఎంచుకుంది. 1978లో దేశచరిత్రే అంశంగా ఒక పెద్ద వరుస వచ్చింది. పాత పటాలు, పోర్ట్ లూయిస్ నిర్మాణం, గ్రాండ్ పోర్ట్ యుద్ధం, లేడీ గోమ్ విందు, భారతీయుల వలస, షాన్ ద మార్స్ గుర్రప్పందేలు, అన్నీ అందులో ఉన్నాయి. విందుకూ వలసకూ ఒకే వరుసలో చోటు దొరకడం చూసి నాకు చాలా సంతోషం వేసింది. 1984లో బానిసత్వ రద్దుకూ భారతీయుల రాకకూ 150 ఏళ్ళు నిండిన సందర్భంగా ఇంకో వరుస వేశారు. డబ్బు ఒక్క వరుసకే ఉందంటే 1978ది కొనండి. అందులో కొన్ని స్టాంపులు లేకపోయినా ఫరవాలేదు.

మీది కాకినాడ అన్నారు కాబట్టి ఇది చెప్పాలి. మీ ఊరి పక్కనున్న కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1839 తుఫాను దాన్ని దెబ్బతీసింది. తెలుగు జిల్లాల కూలీలు మారిషస్ వెళ్ళిన రేవుల్లో అదీ ఒకటి. అందుకే అక్కడ తెలుగువాళ్ళను "కోరంగీలు" అని పిలిచేవారు. వాళ్ళ వారసులు ఈ రోజుకీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం చేసుకుంటున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది మారిషస్‌లోనే. అయితే ఒక హెచ్చరిక. పాత కార్డుల మీద "భారతీయులు", "కూలీలు" అని మాత్రమే రాసి ఉంటుంది. భోజ్‌పురి, తమిళ, తెలుగు, మరాఠీ అన్న తేడా వ్యాపారికి అక్కర్లేదు. కాబట్టి ఫోటోలో ఉన్నది తెలుగు కుటుంబమే అని రాసేయకండి. మనవాళ్ళ మీద ప్రేమతోనే ఇలా రాస్తారు, కానీ ఆధారం ఉండదు. ఆధారాలు కావాలంటే మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలస రిజిస్టర్లు, చాలామంది కూలీల ఫోటోలు భద్రంగా ఉన్నాయి. ఊరి పేరు, ఓడ పేరు, వచ్చిన సంవత్సరం ఆ రిజిస్టర్లలో దొరుకుతాయి.

కార్డుల్లో ఇంకో పెద్ద విభాగం క్యూర్‌పిప్ ఊరిది. రేవు పట్టణం కంటే ఈ కొండమీది ఊరి కార్డులే ఒక్కోసారి ఎక్కువ కనిపిస్తాయి. కారణం మలేరియా. 1860ల చివర్లో పోర్ట్ లూయిస్‌లో మలేరియా విజృంభించి వేలమంది చనిపోయారు. అప్పటికే 1864 నుంచి రైలు నడుస్తోంది. డబ్బున్నవాళ్ళు చల్లగా ఉండే ఎత్తు ప్రాంతానికి మారి, రోజూ రైల్లో పట్నానికి వెళ్ళివచ్చేవారు. కార్డులు కొని పంపేదీ వాళ్ళే కదా, కాబట్టి వాళ్ళ ఊళ్ళే కార్డుల మీదికి ఎక్కాయి. ఆ రైళ్ళు 1964కల్లా పూర్తిగా ఆగిపోయాయి. స్టేషన్ల కార్డులు దొరికితే తీసుకోండి. ఇప్పుడు మెట్రో ఎక్స్‌ప్రెస్ పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పిప్ దాకా వెళ్తోంది, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టొచ్చు.

కార్డు ఏ కాలందో తెలుసుకోవడానికి వెనక్కి తిప్పండి. వెనకవైపు అడ్రసుకు మాత్రమే చోటుండి, మధ్యలో గీత లేకపోతే అది సాధారణంగా 1900ల తొలి ఏళ్ళకు ముందుది. అప్పట్లో రాయాల్సిన సంగతులు బొమ్మ పక్కన ఖాళీలోనే ఇరికించేవారు. బ్రిటన్ 1902లో ఆ గీతకు అనుమతి ఇచ్చింది, తర్వాత కొద్ది ఏళ్ళలో మిగతా దేశాలూ ఇచ్చాయి. భూతద్దంలో బొమ్మ వరుస వరుసలుగా చుక్కల్లా కనిపిస్తే అచ్చులో తీసింది. చుక్కలు లేకుండా నునుపుగా ఉంటే అసలు ఫోటో కాగితం మీద తీసింది కావచ్చు. కార్డు మీది స్టాంపును ఎట్టి పరిస్థితుల్లోనూ ఊడదీయకండి. స్టాంపు, ముద్ర, రాత, బొమ్మ నాలుగూ కలిసి ఉంటేనే దానికి విలువ.

ఒక్క వివాదం కూడా ప్రాజెక్టులో పెట్టమంటాను, ఎందుకంటే స్టాంపులు ఇంకా రాజకీయమే అని దీనితో తెలుస్తుంది. స్వాతంత్ర్యానికి ముందు 1965లో బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. అక్కడి జనాన్ని 1968 నుంచి 1973 మధ్య ఖాళీ చేయించింది. ఆ దీవులకు 1968లో విడిగా స్టాంపులు మొదలయ్యాయి. తొలివి సీషెల్స్ స్టాంపుల మీద కొత్త పేరు అచ్చుగుద్దినవే. విడదీయడం చట్టబద్ధంగా జరగలేదని 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం అభిప్రాయం చెప్పింది. 2021లో ప్రపంచ తపాలా సంఘం ఆ స్టాంపులను ఇక గుర్తించబోమని తీర్మానించింది. ఊళ్ళోంచి వెళ్ళగొట్టిన మనుషులకు ఆ తీర్మానం ఇల్లు తిరిగి ఇవ్వలేదు. అయినా వాళ్ళ గోడును ప్రపంచం విన్నదనడానికి అదొక గుర్తు. ఆ 1968 స్టాంపు ఒకటి సంపాదించి, పక్కన ఈ నాలుగు ముక్కలు రాయమనండి.

కొనేటప్పుడు జాగ్రత్తలు. పాత "పోస్ట్ ఆఫీస్" స్టాంపు తాతగారి పెట్టెలో దొరికిందని నాకు ఫోటోలు పంపేవాళ్ళు ఉన్నారు. ఇప్పటిదాకా నేను చూసినవన్నీ నకళ్ళే, ఎక్కువగా బొమ్మల పుస్తకాల్లోంచి కత్తిరించినవి. ఒక పెద్దాయన ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర అలాంటిదానికి బోలెడు డబ్బు పోసి చాలా బాధపడ్డారు. మన ఊళ్ళ పోస్టాఫీసు ఫిలాటలీ బ్యూరోల్లో మన దేశపు స్టాంపులే దొరుకుతాయి. విదేశీవి కావాలంటే రాష్ట్రస్థాయి స్టాంపుల ప్రదర్శనలకు వెళ్ళండి. అక్కడ డీలర్ల బల్లల మీద డబ్బాల్లో దేశాలవారీగా వాడిన స్టాంపులు ఉంటాయి, ఓపికగా ఏరుకోవచ్చు. కొత్త కార్డులకు పోస్ట్‌క్రాసింగ్ మంచి దారి. మీరు ప్రపంచంలో ఎవరికో కార్డు పంపితే ఇంకెవరో మీకు పంపుతారు. మారిషస్ నుంచే వస్తుందన్న గ్యారంటీ లేదు. కానీ అమ్మాయికి చేతిరాతతో కార్డు అందుకోవడమంటే ఏమిటో తెలుస్తుంది.

మీది సముద్రం పక్క ఊరు కాబట్టి చెమ్మతోనే అసలు టెన్షన్. వెనక జిగురున్న కొత్త స్టాంపులు వర్షాకాలంలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అందుకే మొదట్లో వాడినవే కొనమంటాను. వాటిని స్టాక్ బుక్‌లో (స్టాంపులు దూర్చే పట్టీలున్న ఆల్బమ్) పెట్టి నిలబెట్టి ఉంచండి, పడుకోబెట్టకండి. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి. స్టాంపును వేళ్ళతో పట్టుకోవద్దు, పట్టకారుతో తీయాలి. కార్డులకు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వాడకండి, వాటి రసాయనం అచ్చుకు అంటుకుంటుంది.

అమ్మాయికి నా సలహా అయిదు జంటలు చాలని. లాబోర్దొన్నే విగ్రహం, పీటర్ బోత్ కొండ, చెరకు తోట, పోర్ట్ లూయిస్ రేవు, ఆఖరున 1978 వరుసలోని వలస స్టాంపు. వలస స్టాంపుకు జంటగా పాత కార్డు దొరక్కపోతే ఆప్రవాసీ ఘాట్ మెట్ల ఇప్పటి ఫోటో పెట్టొచ్చు, తేదీ రాసి. ఒక్కో జంట కింద మూడు వాక్యాలు రాయమనండి: స్టాంపులో ఏముంది, కార్డులో ఏముంది, రెండింట్లోనూ ఎవరు లేరు. కార్డుల వెనక ఫ్రెంచి రాతలు అర్థం కాకపోతే వాటి ఫోటో ఇక్కడ పెట్టండి, నాకు చదవడం వచ్చినంతవరకు చదివి చెబుతాను.